అబిడ్స్ కథ దుకాణంతో మొదలు కాలేదు



గత వారం హైదరాబాద్ అబిడ్స్‌పై మీరు వేసిన వ్యాసం ఆసాంతం చదివించింది. అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పెట్టాకే ఇక్కడ చరిత్ర మొదలైనట్టు రాయడం సరికాదు. అంతకు చాలా ముందే, 1786లో, ఫ్రెంచి సేనాని రేమండ్ ఆ పక్కనే ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది దాంతోనే.

అదే వ్యాసంలో, బండరాళ్లు ఊరు పెరగడానికి అడ్డుపడ్డాయన్న మాట మరీ అన్యాయం. ఆ బండల్లోని మన గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. దాని ముందు హిమాలయాలు నిన్నగాక మొన్న పుట్టినవే. భూగర్భంలో చల్లారి గట్టిపడ్డ ఆ శిల, పైనున్న పొరలు కొట్టుకుపోయాక బయటపడింది. పగుళ్ల వెంట నీరు చేరి అంచులను తినేయడంతో గుండ్లు గుండ్లుగా తేలింది. నౌబత్ పహాడ్ అలాంటిదే. దాని మీదే 1976లో బిర్లా మందిరం వెలిసింది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ గ్రానైటు గోడలను దగ్గరగా చూడండి: తెలుపు, బూడిద రంగు పలుకుల మధ్య నల్లటి అభ్రకం చుక్కలు కనిపిస్తాయి. అడ్డంకి అన్న రాయే ఊరికి గోడయింది.

మిగిలిన గుట్టలనైనా పగలగొట్టకుండా, వాటి వయసు తెలిపే బోర్డులు పెట్టాలని పురపాలకులకు మీ పత్రిక గట్టిగా చెప్పాలి.

– ఒక పాఠకుడు, నాంపల్లి, హైదరాబాద్