పాటకి ముందు నవ్వు

బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో చవితి పందిట్లో ఆర్కెస్ట్రా చూసినవాళ్లకి ఈ సీన్ కొత్త కాదు. వెనక డ్రమ్స్ బిగిస్తుంటారు. మైకులో "హలో, చెక్" నడుస్తుంటుంది. ఈలోపు ఒకతను వచ్చి ఎన్టీఆర్ గొంతుతో నమస్కారం పెడతాడు. "పాట వెయ్యండెహె!" అని వెనకనుంచి కేక. జనం వచ్చింది తన కోసం కాదని ఆ మిమిక్రీ ఆర్టిస్టుకీ తెలుసు. అయినా నవ్వించాలి.

ఇలా మొదలైనవాడే జానీ లీవర్. మన తెలుగువాడే! అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957లో కనిగిరి వైపు పుట్టి, ముంబైలో పెరిగాడు. ఇంట్లో డబ్బుల్లేక ఏడో తరగతితో చదువాగింది. సినిమా హీరోల్లా మాట్లాడుతూ రోడ్డు మీద పెన్నులమ్మాడు. తర్వాత నాన్న పనిచేసే హిందుస్థాన్ లీవర్‌లో చేరాడు. అక్కడ ఆఫీసర్లని అనుకరించి నవ్విస్తే, కంపెనీ పేరే ఇంటిపేరైంది.

మ్యూజికల్ షోల్లో కామెడీ చేస్తూ కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ బృందంలోకి వెళ్లాడు. 1981లో ఉద్యోగం మానేశాడు. వీకెండ్ కామెడీ చేసే మా టెకీ ఫ్రెండ్స్ ఇక్కడొకటి గమనించాలి. ఆయన గుడ్డిగా దూకలేదు. స్టేజీ మీద బాగా సంపాదిస్తూ, డ్యూటీకి వెళ్లడం కుదరనప్పుడే మానేశాడు. 1982లో అమితాబ్ బచ్చన్‌తో విదేశీ టూర్, అదే ఏడాది 'దర్ద్ కా రిష్తా' సినిమా.

పాటల మధ్య కామెడీ అంటే టైమ్‌తో ఆట. సింగర్ రెడీ అనగానే జోకు ముగించాలి. కరెంటు పోతే సాగదీయాలి. రెండు నిమిషాల ఐటమూ, పది నిమిషాల ఐటమూ రెండూ జేబులో ఉండాలి.

మన బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరిది రాజకీయం, ఒకరిది హాస్యం. ఆ హాస్యగాడే గుమ్మెట వాయిస్తాడు, వంత పాడతాడు. అక్కడ పాటా, నవ్వూ ఒకే మనిషివి. ఆర్కెస్ట్రా ఫ్లెక్సీలో మాత్రం సింగర్లకి ఫొటోలు, ఇతనికి "మిమిక్రీ" అని ఒక్క ముక్క.

రీల్ నచ్చకపోతే స్వైప్ చేసేస్తాం. చేసినవాడికి మన మొహం కనపడదు. పందిట్లో అతనికి అన్ని మొహాలూ కనపడతాయి. ఈసారి "పాట" అని అరిచే ముందు ఐదు నిమిషాలు ఆగండి. నచ్చితే వీడియో తియ్యండి. పోస్ట్ చేసేటప్పుడు మాత్రం అతని పేరు అడిగి మరీ పెట్టండి.