క్యాసెట్టులో లేనిది ఫైలులోకి ఎక్కడిది?

సాక్చిలో మా పెద్దమ్మ ఇంట్లో ఒక అట్టపెట్టె ఉంది. అందులో 31 క్యాసెట్లు. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. (ఈ ఊరికి 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు కానీ, కర్మాగారం మొదట వెలసింది సాక్చి గ్రామంలోనే.) ఇంటింటికీ ఫోను లేని రోజుల్లో ఊరి నుంచి ఉత్తరాలతో పాటు క్యాసెట్లు కూడా వచ్చేవి. వాటిలో అమ్మమ్మ పాడిన పెళ్లి పాటలు ఉన్నాయి, ఎవరెవరు ఎలా ఉన్నారో చెప్పిన కబుర్లు ఉన్నాయి. అమ్మమ్మ గొంతు ఇప్పుడు ఇంకెక్కడా లేదు.

పోయిన ఏడాది పెద్దమ్మ వీటిని ఒక దుకాణంలో ఇచ్చి డిజిటల్ చేయించింది. అక్కడ రెండు ధరలు. మామూలు ఎంపీ3 అయితే ఒక ధర, '24 బిట్, 192 కిలోహెర్ట్జ్ హై-రెస్' అయితే దానికి రెట్టింపు. అమ్మ గొంతు కదా అని పెద్దమ్మ రెండోదే తీసుకుంది. గంట క్యాసెట్టుకు 4 జీబీ పైనే, మొత్తం దాదాపు 130 జీబీ అయింది. పెన్‌డ్రైవు చాలక హార్డ్‌డిస్కు కొనాల్సి వచ్చింది. నేను వెళ్లేసరికి, "అంతా ఇందులోకి ఎక్కించేశారుగా, ఇంక ఈ పెట్టె ఎందుకమ్మా, పాతసామాన్లవాడికి వేసేద్దాం" అంటోంది.

రెండు రోజులు ఆగమని, ఒక ఫైలును శబ్ద వర్ణపటం గీసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో అందులో బొమ్మలా కనిపిస్తుంది. 16 కిలోహెర్ట్జ్ దాకా రంగులున్నాయి. ఆపైన గోడ కట్టినట్టు అంతా నలుపే. క్యాసెట్టు అలా ప్రవర్తించదు. మాట, పాట ఎక్కడో ఆగిపోయినా టేపుకు సహజంగా ఉండే 'సుయ్' శబ్దం పైకి పోయేకొద్దీ మెల్లగా పలచబడుతుందే తప్ప ఒక గీత దగ్గర తెగిపోదు. అలా నిటారుగా కోసినట్టుంటే, అది సాధారణంగా సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3 వదిలే గుర్తు. అంటే దుకాణంవాళ్లు మొదట ఎంపీ3 చేసి, తర్వాత దాన్నే 192 కిలోహెర్ట్జ్‌కు మార్చి ఇచ్చారు. గంటకు 58 ఎంబీ ఉన్న సరుకును 72 రెట్లు ఉబ్బించారు. బావిలో నీళ్లు పెరగలేదు, చేద మాత్రం పెద్దదయింది.

ఈ మోసం ఎందుకు తేలిగ్గా చెల్లుతుందంటే, అంకె పెద్దదైతే నాణ్యత పెద్దదని మనం ఫోను కెమెరాల మెగాపిక్సెళ్ల దగ్గరే నేర్చేసుకున్నాం. శబ్దం విషయంలో ఆ అంకెకు కచ్చితమైన అర్థం ఉంది. ఒక తరంగంలో ఉన్న అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు, సెకనులో దాని ఎత్తును కొలిస్తే, ఆ కొలతల నుంచి తరంగాన్ని పూర్తిగా తిరిగి రాబట్టవచ్చు. ఈ ఆలోచనకు మూలం 1928లో నైక్విస్ట్ రాసిన పత్రంలో ఉంది. 1949లో షానన్ దాన్ని గణితంగా స్థిరపరిచాడు. చుక్కల మధ్య ఖాళీల్లో సంగీతం జారిపోతుందన్నది అపోహ. ఆ పరిమితికి లోబడిన శబ్దమైతే ఖాళీల్లో జారిపోయేదేమీ ఉండదు. మనిషి చెవి మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. అందుకే 1982లో వచ్చిన సీడీకి సెకనుకు 44,100 కొలతలు సరిపోయాయి.

ఇంతకీ 44,100 అన్న వింత అంకె ఎక్కడిది? తొలిరోజుల్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీద దాచేవారు. టీవీ బొమ్మలోని ఒక్కో గీతకు 3 కొలతలు, ఒక్కో ఫీల్డులో 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. గుణించి చూడండి. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 50 ఫీల్డులు పెట్టినా అదే వస్తుంది. వీడియో రంగం తర్వాత 48,000 దగ్గర స్థిరపడింది. ఈ రెండింటి నిష్పత్తి 147:160. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చాలంటే పాత కొలతలు కొత్త చోట్లలో దాదాపు ఎక్కడా సరిగ్గా పడవు. ప్రతి కొత్త కొలతనూ చుట్టుపక్కల పదుల కొద్దీ పాత కొలతల నుంచి లెక్కకట్టాలి. మంచి సాఫ్ట్‌వేర్ ఈ పనిని చెవికి అందనంత చిన్న తేడాతో చేస్తుంది. ఒకసారి మారిస్తేనే ప్రాణం పోయిందనే హైఫై వాదుల భయం నాకు అతిగానే అనిపిస్తుంది.

అసలు జాగ్రత్త కావలసింది కిందికి దించేటప్పుడు. 96 నుంచి 44.1 కిలోహెర్ట్జ్‌కు మార్చే ముందు 22.05 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా వడపోయాలి. ఆ పని వదిలేస్తే, చెవికి వినపడని 30 కిలోహెర్ట్జ్ రొద మడతపడి 14.1 కిలోహెర్ట్జ్ దగ్గర వినపడే రొదగా ప్రత్యక్షమవుతుంది. 24 బిట్ల నుంచి 16కు తగ్గించేటప్పుడు కూడా ఊరికే చివరి అంకెలు కోసేయకుండా, డిథర్ అనే చిటికెడు యాదృచ్ఛిక రొద కలపాలి. లేకపోతే మెల్లని శబ్దాలు గరగరలాడతాయి. ఫ్లాక్ లాంటి నష్టరహిత ఫార్మాట్‌తో ఈ బెడద లేదు. వేవ్ ఫైలును అందులోకి మార్చి వెనక్కి తెస్తే ఒక్క బిట్టు కూడా తేడా రాదు. కానీ ఎంపీ3ని ఫ్లాక్ చేస్తే? పోయింది పోయినట్టే ఉంటుంది, భద్రంగా.

పెద్ద అంకెలు అసలు పనికిరావా అంటే, వినడానికైతే నా జవాబు దాదాపు 'రావు' అనే. 2007లో మేయర్, మోరన్ హై-రెస్ శబ్దాన్నీ, దాన్నే సీడీ స్థాయికి దించినదాన్నీ 554 సార్లు గుట్టుగా వినిపిస్తే, శ్రోతలు 49.8 శాతం సార్లు సరిగ్గా గుర్తుపట్టారు. నాణెం ఎగరేసినా అంతే. 2016లో జాషువా రైస్ 18 ప్రయోగాలను కలిపి విశ్లేషిస్తే 52.3 శాతం తేలింది. శిక్షణ ఉన్నవాళ్లలో మరికాస్త ఎక్కువ. తేడా సున్నా అనలేం, కానీ రెట్టింపు డబ్బు పెట్టేంత అని కూడా అనలేం.

దాచడం వేరు. అంతర్జాతీయ శబ్ద, దృశ్య శ్రవణ భాండాగారాల సంఘం పాత టేపులకు 24 బిట్లు, కనీసం 48, వీలైతే 96 కిలోహెర్ట్జ్ ఉండాలంటుంది. రేపు ఎవరైనా టకటకలు, రొద తొలగించాలంటే ఆ అదనపు వివరం ఆసరా అవుతుంది. 24 బిట్లుంటే రికార్డింగ్ స్థాయిని కాస్త తక్కువగా పెట్టుకోవచ్చు, హఠాత్తుగా గొంతు పెరిగినా శబ్దం చిట్లదు. అయితే ఆ 96 టేపు నుంచి నేరుగా రావాలి. హై-రెస్ అన్న మాట ఫైలుకు కాదు, పట్టిన పద్ధతికి చెల్లాలి. టేపు మీంచి మొదట ఏ రేటులో పట్టారు, ఆ తర్వాత ఏమేం మార్చారు అన్న రెండు వాక్యాలు ప్రతి డిజిటలీకరణ బిల్లు మీదా ఉండి తీరాలని నా వాదన. ఖర్చులేని పని అది.

క్యాసెట్టు దగ్గర ఇంకో చిత్రం ఉంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. 10 కిలోహెర్ట్జ్ స్వరం దాని మీద 4.76 మైక్రాన్ల పొడవే ఉంటుంది. మోనో ట్రాక్ వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు. చదివే హెడ్డు డిగ్రీలో ఐదో వంతు కూడా వంగక్కర్లేదు, ఆ స్వరం పూర్తిగా మాయమవుతుంది. చిన్న స్క్రూడ్రైవరుతో సరిచేయగల ఆ వంపు పోగొట్టినదాన్ని ఏ 192 కిలోహెర్ట్జూ తెచ్చిపెట్టదు. పైగా ఒక్కో క్యాసెట్టు ఒక్కో టేప్‌రికార్డరులో నింపినది, ఒక్కోదాని వంపు ఒక్కోలా ఉంటుంది.

నేనూ, మా పెదనాన్నా పనిచేసే డెక్ ఒకటి సంపాదించి, హెడ్డు తుడిచి, ప్రతి క్యాసెట్టుకూ 'స', 'శ' అక్షరాలు స్పష్టంగా పలికేదాకా స్క్రూ తిప్పి, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో పట్టడం మొదలుపెట్టాం. మూలం ఫ్లాక్‌లో రెండు డిస్కుల మీద పెట్టాం. బంధువులకు పంపడానికి దాన్నుంచి ఎంపీ3 నకళ్లు తీశాం. గంట క్యాసెట్టుకు గంట కూర్చోవాల్సిందే, దీనికి అడ్డదారి లేదు. మూడో క్యాసెట్టులో అమ్మమ్మ పాటకు తాళం వేస్తుంటే గాజులు గలగలమన్నాయి. దుకాణం ఇచ్చిన ఫైలులో అక్కడ ఏదో మసక చప్పుడు మాత్రమే ఉంది. పెద్దమ్మ ఆ ముక్కను నాలుగుసార్లు పెట్టించుకుంది.

22 అయ్యాయి, 9 మిగిలాయి. వాటిలో ఒకదానికి టేపును హెడ్డుకు ఆనించే చిన్న మెత్త ఊడిపోయింది. టేపును వేరే క్యాసెట్టు గుల్లలోకి మార్చాలి. మరలు విప్పడానికి వీలైన ఖాళీ క్యాసెట్టు కోసం సాక్చి బజారులో వెతుకుతున్నాం.