తూకానికి రాని బండి

నారాయణఖేడ్‌లో ఒక సైకిలు బరువెంతో తెలుసుకోవడానికి నాకు తెలిసి ఒక్కటే మార్గమున్నది. దానిని పాత ఇనుప సామాన్లవాడికి అమ్మడం. అతడు కొక్కేనికి వేలాడదీసి, ముల్లు చూసి, కిలోల లెక్కన డబ్బు చేతిలో పెడతాడు. కొత్తగా కొన్ననాడు ఏ వ్యాపారీ చెప్పని సంగతి, అది తుప్పుపట్టి పోయిననాడు తెలిసివస్తుంది!

మొన్న ఎనిమిదేండ్ల మా మేనకోడలికి సైకిలు కొనబోయి "దీని బరువెంత సేటూ?" అని అడిగాను. "చాలా లైటు సార్, అల్లాయ్" అన్నాడు. అల్లాయ్ అంటే మిశ్రమ లోహం. ఆ మాటకొస్తే ఉక్కు కూడా మిశ్రమ లోహమే గనుక అతడు అబద్ధమాడలేదు. ఇంటికి తెచ్చి, దానిని ఎత్తుకొని తూకంపై నిలబడి, నా బరువు తీసివేసి చూస్తే 14 కిలోలు తేలింది. పిల్ల బరువు 24. అదే నిష్పత్తిలో నా వంటి 70 కిలోల మనిషికి సైకిలు ఇవ్వాలంటే అది 40 కిలోలు దాటాలి. ఇస్తే నేను తొక్కుతానా? అటక మీద పెడతాను.

బరువుకు అంత ప్రాధాన్యమెందుకని కొందరంటారు. పెద్దవారి విషయంలో వారి మాటలో కొంత నిజమున్నది. చదును రోడ్డు మీద నిలకడగా పోయేవాడికి ఎదురుగాలే పెద్ద శత్రువు. 20 కిలోల బండిని 15కు తగ్గించినా, మనిషితో కలిపిన 90 కిలోలలో తగ్గేది ఐదారు శాతమే. ఆ 5 కిలోలే మా పిల్ల బండిలో తగ్గితే మొత్తం 38 కిలోలలో 13 శాతం పోతుంది. పైగా పిల్లలు తొక్కడమొక్కటే చేయరు. పడతారు, మీద పడిన బండిని లేపుకుంటారు, అరుగు మెట్లెక్కిస్తారు. అక్కడ శాతాలుండవు, మొత్తం 14 కిలోలూ ఆ రెండు చేతులదే.

చట్టం సంగతీ చూద్దాం. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం పెట్టెపై పరిమాణాన్ని బరువులోనో, కొలతలోనో, సంఖ్యలోనో తెలపాలి. సైకిలు సంఖ్యతో అమ్ముడుపోయే సరుకు. "ఒకటి" అని రాస్తే చాలు. ఒకటి అన్న సంగతి మనకు కనబడుతూనే ఉన్నది కదా! మోటారు సైకిలుకైతే రిజిస్ట్రేషను పత్రంలోనే ఖాళీ బరువు ఉంటుంది. ఇంజను మోసే బండి బరువు ప్రభుత్వానికి కావాలి. కాళ్ళు మోసే బండి బరువు ఎవరికీ అక్కరలేదు.

ఇదే ఊరి రైతు పత్తి అమ్మబోతే కథ వేరు. తూకంతో సరిపెట్టరు, తేమ కూడా చూస్తారు. సీసీఐ లెక్కలో తేమ 8 శాతం మించితే ధర తగ్గుతుంది, 12 దాటితే సరుకే తీసుకోరు. అమ్మేటప్పుడు ఇంత నిక్కచ్చిగా లెక్క చెప్పే రైతు, అదే డబ్బుతో బిడ్డకు సైకిలు కొనేటప్పుడు "చాలా లైటు" అన్న మాటతో సరిపెట్టుకోవాలా?

సైజును బట్టి, తగిలించే సామాన్లను బట్టి బరువు మారుతుందని కంపెనీల వాదన. మారుతుంది, ఎవరు కాదన్నారు? ధర కూడా మారుతుంది, అయినా ముద్రించడం లేదా? ఇక ఖరీదైన సైకిళ్ళకు బరువు ప్రకటించేవారిలో కొందరు అన్నిటికన్నా చిన్న సైజును, అదీ పెడళ్ళు తీసేసి తూస్తారు. పెడళ్ళు లేని సైకిలు ఎవరు తొక్కుతారో వారే చెప్పాలి. 2000 నుండి అంతర్జాతీయ పోటీలలో 6.8 కిలోలకు తగ్గిన బండిని ఒప్పుకోరు. అక్కడ తూకం వేసి మరీ చూస్తారు.

బరువు చెబితే గిరాకీ పోతుందని ఒక వ్యాపారి నాతో దిగులుపడ్డాడు. పోదు. రెండు పాల క్యాన్లు వేలాడదీసుకొని వెళ్ళేవాడికి బరువైన గట్టి బండే కావాలి, అతడు తేలికదాన్ని వద్దంటాడు. నేను తేలిక సైకిళ్ళు అమ్మమనడం లేదు, ఉన్న బరువు చెప్పమంటున్నాను. స్టాండు, క్యారియరు, మడ్‌గార్డులు, పెడళ్ళతో సహా ఇన్ని కిలోలు, అర కిలో అటూ ఇటూ అని ధర చీటీ పక్కనే ఒక్క ముక్క. కంపెనీ రాయకపోతే దుకాణదారే రాయవచ్చు. అందుకు కావలసిన కొక్కెపు తూకం ఆ పాత ఇనుప సామాన్లవాడి దగ్గర ఎప్పటినుండో ఉన్నది.