భీమ్ బొమ్మ ఎవరిది?



మన ఉప్పర్వాహిలో ఛోటా భీమ్ తెలియని పిల్లలు లేరు. హిందీలో చూస్తారు కాబట్టి అది ముంబైలోనో ఢిల్లీలోనో తయారవుతుందనుకుంటారు. తయారయ్యేది హైదరాబాదులో. బల్లార్షాలో రైలెక్కితే ఒక పూట ప్రయాణం. చేసినాయన రాజీవ్ చిలక గారు.

ఆయన గురించి ఎవరు చెప్పినా ముందు అవార్డులే చెప్తారు. నాకు మాత్రం అవార్డుల కంటే ఆ మొదటి ఏడేళ్లు ముఖ్యం. అమెరికాలో కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేసి, ఉద్యోగం వదిలేసి, శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకున్నారు. 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ పెట్టారు. దూరదర్శన్‌లో వచ్చిన ‘బోంగో’ మీలో ఎంతమందికి గుర్తుంది? తర్వాత విక్రమ్ బేతాళ్, కృష్ణ. పోగోలో ఛోటా భీమ్ మొదలయ్యేసరికి 2008.

ఆ రోజుల్లో మన దేశంలో చాలా స్టూడియోలు బతికింది విదేశీ పని మీద. కథ వాళ్లది, బొమ్మ వాళ్లది, గీసే చెయ్యి మాత్రం మనది. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. 2013లో ‘లైఫ్ ఆఫ్ పై’ గ్రాఫిక్స్‌కు ఆస్కార్ వచ్చింది. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. అవార్డు అందుకునే నాటికే ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసేసింది.

చిలక గారు బొమ్మను తన చేతిలోనే ఉంచుకున్నారు. అందుకే భీమ్ టిఫిన్ డబ్బా మీదికి, స్కూలు బ్యాగు మీదికి, 2012లో సినిమా హాల్లోకి వచ్చాడు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో పాకే వయసు భీమ్‌గా, మాటలే లేకుండా, ఏ భాష పిల్లలకైనా అర్థమయ్యేలా దిగాడు. (లడ్డూ తింటే బలమని మా ఇంట్లో చిన్నవాడు రోజూ వాదిస్తున్నాడు. ఆ ఒక్కదానికి చిలక గారి మీద నాకు కోపమే.)

ఇదంతా ఎందుకంటే, బొమ్మలు బాగా గీసే పిల్లల్ని యానిమేషన్ కోర్సుకు పంపాలని మన కాలనీలో కొందరు చూస్తున్నారు. ‘వంద శాతం ఉద్యోగం’ అని బోర్డు పెట్టి లక్షలు అడిగే చోట అప్పు చేసి కట్టకండి. అక్కడ నేర్పేది చాలావరకు సాఫ్ట్‌వేర్ నొక్కడం. అది రెండేళ్లకోసారి మారిపోతుంది. చిలక గారు ఓడిపోయినా వెనక ఒక ఎం.ఎస్. ఉంది. మన పిల్లలకు వెనక ఏముంది? ముందు ఇక్కడి ప్రభుత్వం పెట్టే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలు రాయించండి, ఖర్చు పెద్దగా ఉండదు. ఇంటర్ అయ్యాక హైదరాబాదు జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ యానిమేషన్ ఉంది, ఎంట్రన్స్ రాయాలి. మనం మహారాష్ట్రవాళ్లం కదా, లోకల్, నాన్‌లోకల్ నిబంధన ముందే కనుక్కోండి.

ఇక సంఘం మాట. ఉగాదికి మొమెంటోల మీద పెట్టే డబ్బుతో ఈసారి ఆదివారాలకు ఒక డ్రాయింగ్ మాస్టారుని పెడదామని మీటింగులో అడుగుతాను. వద్దనేవాళ్లు అక్కడే వద్దనండి. గడ్‌చాందూర్ వైపు మంచి మాస్టారు ఎవరైనా తెలిస్తే కామెంటులో రాయండి.