ముందు రేవు... తర్వాతే ఓడ!

రీడింగ్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు తెనాలికి ఫోన్ చేశాడు.

“నాన్నా, జూన్‌లో మీరొచ్చినప్పుడు అందరం ఓడెక్కుదాం. నార్వే. వారం రోజులు.”

తండ్రి కాసేపు మాట్లాడలేదు. విశాఖ బీచిలో నిలబడి దూరంగా పోతున్న ఓడల్ని చూడటమే తప్ప ఎక్కిందెప్పుడు? ఈలోగా తల్లి ఫోన్ అందుకుంది. “అందులో పప్పూ అన్నం పెడతారట్రా?”

పెడతారు. కొడుకు అదీ కనుక్కున్నాడు. తండ్రికి మోకాళ్ల నొప్పులు కాబట్టి లిఫ్టుకి దగ్గర్లో కేబిన్ తీసుకున్నాడు. సముద్రం కనబడేలా బాల్కనీ కూడా. డబ్బంతా కట్టేశాడు. అమ్మానాన్నలు బ్రిటన్ విజిటర్ వీసాతో దిగారు. ఇక పది రోజుల్లో ప్రయాణం అనగా, కాగితాలు తిరగేస్తున్న కోడలి కంట ఓ వాక్యం పడింది. నార్వే వెళ్లాలంటే షెంజెన్ వీసా ఉండాలి. లేనివాళ్లని సౌతాంప్టన్‌లోనే ఆపేస్తారు. డబ్బు తిరిగిరాదు!

కొడుకూ కోడలూ బ్రిటిష్ పౌరులై చాలాకాలమైంది. వీసా అన్నమాటే మర్చిపోయారు. “మీరెళ్లిరండిరా, పిల్లలు ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్నారు” అన్నారు పెద్దాళ్లు. వాళ్లని ఇంట్లో వదిలేసి వెళ్లడానికి ఎవరికి మనసొప్పుతుంది? ప్రయాణం ఆగిపోయింది. కట్టిన డబ్బులో చాలావరకు నీళ్లపాలైంది.

ఇది ఏ ఒక్క ఇంట్లోనో జరిగే పొరపాటు కాదు. ఓడ ప్రయాణం అనగానే అందరూ మొదట ఓడనే చూస్తారు. ఎన్ని అంతస్తులు, ఎన్ని ఈతకొలనులు, ఎంత తగ్గింపు... ఆఖర్న, తీరిగ్గా, ఎక్కడెక్కడ ఆగుతుందో చూస్తారు. ఆ వరస తిరగేస్తే సగం చిక్కులు ఉండవు. ముందు రేవులు, తర్వాత నెల, ఆ తర్వాత ఓడ, కేబిన్. ధర అన్నిటికన్నా చివర!

వీసా ఎక్కడ కావాలి?

బ్రిటన్ నుంచి బయల్దేరే ఓడలు ఎక్కువగా వెళ్లే నార్వే, స్పెయిన్, పోర్చుగల్, ఫ్రాన్స్, బెల్జియం... అన్నీ షెంజెన్ దేశాలే. బ్రిటన్ వీసా అక్కడ చెల్లదు. బ్రిటన్‌లో శాశ్వత నివాస హక్కు ఉన్నా సరే, పాస్‌పోర్టు భారత్‌దైతే షెంజెన్ వీసా కావాల్సిందే. ఒకే ఇంట్లో పిల్లలకి అక్కర్లేకపోవచ్చు, తల్లికి కావాల్సి రావచ్చు. అందుకే టికెట్ తీసుకునే ముందు ఇంటిల్లిపాది పాస్‌పోర్టులూ బల్లమీద పెట్టుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. బ్రిటన్‌కి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు అక్కడి నుంచి షెంజెన్ వీసాకి దరఖాస్తు చేసుకోవడం మామూలుగా కుదరదు. సొంత దేశంలోనే, అంటే ఇక్కడ హైదరాబాద్‌లోనో మరోచోటో పూర్తిచేసుకుని విమానం ఎక్కాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే బీమా చూపించాలి. ఓడ ఏ దేశంలో ఎక్కువ రోజులు ఆగుతుందో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి.

బ్రిటన్ విజిటర్ వీసాకేమో ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే తీసుకుంటారు. ఉన్నది ఒక్క పాస్‌పోర్టు... ఒకేసారి రెండుచోట్ల ఇవ్వలేం కదా! అమ్మానాన్నలు వచ్చిన మొదటి నెలలోనే ఓడెక్కించాలని తొందరపడితే ఈ రెండింటి మధ్యా నలిగిపోతారు. తిరుగు ప్రయాణానికి కాస్త ముందు పెట్టుకుంటే ఊపిరాడుతుంది.

షెంజెన్ లేకపోతే ఓడ యోగం లేనట్టేనా? ఉంది. బ్రిటన్ చుట్టూ తిరిగి వచ్చే యాత్రలున్నాయి. స్కాట్లండ్‌లో కర్క్‌వాల్, ఇన్వర్‌గోర్డన్, గ్లాస్గోకి దగ్గరగా గ్రీనాక్, ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్, ఆ కింద లివర్‌పూల్. అయితే డబ్లిన్, కోవ్ రేవులు ఉంటే మాత్రం జాగ్రత్త. అది ఐర్లండ్, వేరే దేశం. భారతీయుల బ్రిటన్ విజిటర్ వీసా మీద బీఐవీఎస్ అన్న అక్షరాలుంటే దాంతోనే ఐర్లండూ చూడొచ్చు. లేకపోతే వేరే వీసా కావాలి. ఇలాంటి యాత్రల్లో మధ్యలో ఒక ఫ్రెంచి రేవు కూడా దూరుస్తుంటారు. ఆ ఒక్కటి ఉన్నా షెంజెన్ అడుగుతారు!

ఏ నెలలో ఎటు?

నార్వే ఫియోర్డులకి మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. రెండువైపులా కొండలు, వాటి మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రం, పైనుంచి దూకే జలపాతాలు. గైరాంగర్ ఫియోర్డుని 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఫ్లామ్ అనే చిన్న రేవు నుంచి 20 కిలోమీటర్ల కొండ రైలు ఉంది. సముద్ర మట్టం నుంచి 860 మీటర్లకు పైగా ఎక్కుతుంది. నడవలేనివాళ్లు కిటికీ పక్కన కూర్చుని చూసే అందం అది. సౌతాంప్టన్ నుంచి వారంలో వెళ్లి రావచ్చు.

ఎండ కావాలంటే కెనరీ దీవులు. కానీ పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. దారిలో బిస్కే అఖాతం దాటాలి. శరదృతువు నుంచి చలికాలం దాకా అక్కడ అలల ఉధృతి ఎక్కువ. మొదటిసారి ఓడెక్కేవాళ్లని ఆ కాలంలో అటు తీసుకెళ్లకపోవడమే మంచిది. అసలు సముద్రం పడుతుందో లేదో తెలియనివాళ్లకి రెండు మూడు రాత్రుల బెల్జియం యాత్రలున్నాయి.

రేవు పేరు చూసి ఊరు పక్కనే ఉందనుకోకూడదు. ‘పారిస్’ అని రాసి ఆపేది ల హావ్ర్‌లో. అక్కడి నుంచి పారిస్ సుమారు 200 కిలోమీటర్లు! ‘రోమ్’ అంటే చివితవెక్కియా. ఇంకో డెబ్భై కిలోమీటర్లు పోవాలి. కొన్నిచోట్ల ఓడ ఒడ్డుకే రాదు. దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతారు. గెర్న్‌సీ దీవిలో అంతే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఊగే పడవలోకి దిగడం కష్టం. గాలి ఎక్కువైతే ఆ రేవే రద్దు.

ఏ ఓడ?

బ్రిటన్ నుంచి ఓడెక్కడంలో పెద్ద సుఖం విమానం లేకపోవడమే. లండన్ వాటర్లూలో రైలెక్కితే గంటన్నరలోపే సౌతాంప్టన్. 1912 ఏప్రిల్ 10న టైటానిక్ బయల్దేరింది ఈ ఊరి నుంచే. అంతకుముందే, 1844లో, కలకత్తాలో పుట్టిన నవలాకారుడు థాకరే పీ అండ్ ఓ కంపెనీ ఇచ్చిన ఉచిత టికెట్‌తో ఓడెక్కి ఈజిప్టు దాకా వెళ్లొచ్చి, ఆ యాత్రని పుస్తకంగా రాశాడు. కంపెనీకి అంతకన్నా ప్రచారం ఏముంటుంది!

ఆ పీ అండ్ ఓ వారి ‘అయోనా’లో ఇప్పుడు అయిదు వేల మందికి పైగా పడతారు. పిల్లలకి కావాల్సినన్ని ఆటలు. హడావుడీ అంతే. అదే కంపెనీ ‘అర్కాడియా’, ‘అరోరా’ల్లోకి పిల్లల్ని అనుమతించరు. కాబట్టి మనవలతో వెళ్లేవాళ్లు అవి చూడనక్కర్లేదు. ఫ్రెడ్ ఓల్సెన్ ఓడలు చిన్నవి, పద్నాలుగు వందల మంది లోపే. లివర్‌పూల్, న్యూకాసిల్ లాంటి రేవుల నుంచి కూడా నడుపుతారు. ఉత్తరాన ఉండేవాళ్లు సౌతాంప్టన్ దాకా పోనక్కర్లేదు. పెద్ద ఓడలో భోజనాల హాలుకి వెళ్లిరావడమే పెద్దవాళ్లకి ఓ నడక అన్నది గుర్తుంచుకోవాలి.

కేబిన్ విషయంలో బాల్కనీ కన్నా ముఖ్యం అది ఎక్కడుందన్నది. ఓడకి మధ్యభాగంలో, కింది అంతస్తులో కుదుపు తక్కువ. పల్లెవెలుగు బస్సులో మధ్య సీటుకీ వెనక సీటుకీ ఉన్న తేడాయే ఇక్కడా. ‘గ్యారంటీ’ పేరుతో చవగ్గా ఇచ్చే కేబిన్లలో చోటు ఎంచుకునే వీలుండదు.

అసలు ఖర్చు ఎంత?

ప్రకటనలో కనబడే ధర ఒక్కరికి, అదీ కేబిన్‌లో ఇద్దరుంటే. ఆపైన పానీయాలు, ఇంటర్నెట్, ఒడ్డున టూర్లు, కారు పార్కింగు. కొన్ని కంపెనీలు రోజుకింత అని టిప్పులు కూడా బిల్లులో వేస్తాయి. పీ అండ్ ఓ 2019లో ఆ పద్ధతి తీసేసింది. అన్నీ కలిపి, మనిషికి రోజుకెంత పడుతుందో లెక్కేస్తేగానీ ఏది చవకో తేలదు.

జనవరి నుంచి మార్చి దాకా తగ్గింపుల కాలం. అప్పుడు అడ్వాన్సు కట్టి, మిగతాది ప్రయాణానికి సుమారు మూడు నెలల ముందు కట్టమంటారు. వీసా ఆ గడువులోగా తేలేలా చూసుకోవడమే అసలు కిటుకు. ఆ తర్వాత మానుకుంటే పోయేది ఒక్క అడ్వాన్సు కాదు. ఆఖరి నిమిషంలో వచ్చే చవక టికెట్లు వీసా అవసరం లేనివాళ్లకే. డబ్బు క్రెడిట్ కార్డుతో కడితే, వంద పౌండ్లు దాటి 30,000 పౌండ్ల దాకా ఉన్న కొనుగోళ్లకి 1974 నాటి బ్రిటన్ చట్టం రక్షణ ఇస్తుంది. కంపెనీ మాట తప్పితే కార్డు ఇచ్చిన బ్యాంకుదీ బాధ్యతే.

మందులు, ఆవకాయ...

ఓడలో డాక్టరు ఉంటాడు. కానీ బిల్లు వేస్తాడు, అదీ భారీగా. ఎన్‌హెచ్‌ఎస్ అక్కడ పనికిరాదు. కాబట్టి ఓడ ప్రయాణం వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉన్న బీమా ఉండాలి. ఊరి నుంచి వచ్చేవాళ్లు అక్కడే తీసుకోవాలి. బీపీ, షుగరు దాచకుండా చెప్పాలి. దాస్తే అవసరమైన రోజున పైసా రాదు.

రేవులో పెద్ద పెట్టెలు ముందే తీసేసుకుంటారు. అవి కేబిన్‌కి చేరేసరికి సాయంత్రం కావచ్చు. మందులూ పాస్‌పోర్టులూ చేతి సంచిలోనే ఉండాలి. చాలా ఓడల్లో చక్రాల కుర్చీ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. శాకాహారులమని టికెట్ తీసుకున్నప్పుడే చెప్పాలి. పీ అండ్ ఓ ఓడలు కొన్నింటిలో ‘సింధు’ అనే భారతీయ రెస్టారెంటు ఉంది, డబ్బు వేరే. రైస్ కుక్కర్ తీసుకెళ్తే లాగేసుకుంటారు. ఇంట్లో వండినవీ ఒప్పుకోరు. సీలు తీయని ప్యాకెట్లకి మాత్రం సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ఇక ఒడ్డున దిగాక చూసుకోవాల్సింది గడియారం. ఓడవాళ్ల టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు!

రీడింగ్ కుటుంబం ఈసారి రేవుల జాబితాతోనే మొదలుపెట్టింది. ఒక్కో రేవు పేరు పక్కనా ఏ దేశమో, ఏ వీసానో రాసుకున్నారు. జులై చివర్లో స్కాట్లండ్ చుట్టివచ్చే ఓడ దొరికింది. ఫ్రాన్స్ లేదు, ఐర్లండ్ లేదు. బాల్కనీ కూడా లేదు. నార్వే దెబ్బ తర్వాత దానికి డబ్బుల్లేవు మరి.

కర్క్‌వాల్ దాటాక రాత్రి తొమ్మిదిన్నరకి తండ్రి డెక్ మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సూర్యుడింకా మునగలేదు. భోజనానికి రమ్మని తల్లి వచ్చి పిలిచింది. చేతిలో సీలు తీయని ఆవకాయ ప్యాకెట్.

“ఉండు, పొద్దు పోనీ” అన్నాడాయన.

“అది పోయేలా లేదు గానీ, అన్నం చల్లారిపోతోంది... రండి.”