వేలూరు సిపాయి వేషము

పూర్వయుద్ధములను ప్రజలయెదుట అభినయించుట వినోదమే కాదు, విద్య కూడ. కాని అద్దెవేషములతో ఆ విద్య అలవడదు. వేలూరుకోటనే తీసికొందము. 1806 జూలై 10వ తేదీన మద్రాసుసైన్యపు సిపాయీలచట తిరుగబడుటకు ముఖ్యకారణములలో వేషమొకటి. 1805 నవంబరు మొదలుకొని వెలువడిన ఉత్తరువులు నుదుటిబొట్టును, చెవిపోగులను నిషేధించి, గడ్డము గొరిగించుకొని, తోలుతురాయి గల క్రొత్త తలపాగాను ధరింపుమనినవి. ధరింపనొల్లని వారిలో ఇద్దరికి 900 కొరడాదెబ్బల చొప్పున శిక్ష విధింపబడెను.

ఈ కథను అభినయింపబూనినవారు నాటకసమాజపు జరీపాగాను తలకు జుట్టినచో తిరుగుబాటునకు హేతువే మాయమగును గదా! కావున ఆనాటి చిత్రపటములను, సైనికశాసనములను పరిశీలించి తలపాగాను సిద్ధపరుపవలెను. తుపాకి చెకుముకిరాతితో నిప్పు రాల్చునదియే కావలెను. ఎఱ్ఱకోటును చేతితోనే కుట్టింపవలెను. కుట్టుయంత్రము నాటికి వాడుకలో లేదు. వ్యయము హెచ్చునందురా? ఇరువదిమందికి తప్పువేషములు వేయుటకంటె నలువురకు సరియైనవి సమకూర్చుట మేలు. ఏ తలపాగాను ధరింపుమనుట తమకు అవమానమని సిపాయీలు తలచిరో, దానిని కన్నులార చూచిననాడే మన బాలురకు వారి ఆగ్రహము బోధపడును. సమాజములవారు ముందుగా ఆ తలపాగాకు ధనము కేటాయింతురుగాక!