మెరక ఊళ్లకు కాటన్ దొర ఏమవుతాడు?

డెల్టా రైతు ఇంట్లో దేవుడి పటాల పక్కన కాటన్ దొర పటం ఉంటే ఎవరూ వింతపడరు. 1832–33 కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే 5 లక్షల జనంలో 2 లక్షల మంది పోయారని నాటి లెక్క. ఆ నేల 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక వరి పొలమైంది. ఆలోచన కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది చార్లెస్ ఓర్, రాళ్లు మోసిన కూలీల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు.

ఆ నీరు మా మైలవరం ఎక్కలేదు. కాలువ పల్లానికే పారుతుంది, మాది మెరక. తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చినా మేం చివరి ఆయకట్టు వాళ్లమే. చెరువు నిండితే పంట, లేకుంటే మామిడి తోట.

అయినా కాటన్ మాకూ కావలసినవాడే అంటాను. కావేరి మీద చోళులు కట్టిన ఆనకట్టను చూసి, లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలపాలో ఈ దేశపువాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయన దాపరికం లేకుండా రాశాడు. పాత చెరువులను పాడుపెట్టిన ప్రభుత్వం తనదే అయినా తప్పుపట్టకుండా వదల్లేదు. 75 ఏళ్ల వయసులో, 1878లో, పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని రైళ్ల కంటే కాలువలు ముఖ్యమని వాదించాడు. విక్టోరియా రాణి కాలపు ఇంజనీర్లలో నేను గౌరవించేది ఈ మొండితనాన్నే.

ఆ మొండితనమే ఇప్పుడు మా చెరువుల కోసం కావాలి. బుడమేరు వాగు పుట్టేది మా కొండల్లోనే. 2024 సెప్టెంబరులో అది గట్లు తెంచుకుని బెజవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది. గండ్లు పూడ్చారు, మంచిదే. ఆ నీరు బయలుదేరిన చోట ఏం చేశారు? అంతటి వరదను చెరువులే ఆపేస్తాయని చెప్పను. కానీ పూడిక తీసిన ప్రతి చెరువూ కొంత వేగాన్ని తగ్గిస్తుంది, ఆ నీరే వేసవిలో మా బోర్లకు ప్రాణం. ఒకే ఖర్చుతో ఎగువ రైతూ దిగువ నగరమూ బాగుపడే పని ఇది. బెజవాడలో గోడలు ఎత్తు చేయడమే పరిష్కారమనుకుంటే మళ్లీ మునుగుతాం.

నీటిపారుదల శాఖను అడిగేది ఒక్కటే. ఈ వేసవి పనులు మొదలుపెట్టేలోగా బుడమేరు ఎగువన ఉన్న చెరువులన్నీ కొలవండి. ఏది ఎంత పూడింది, ఏ అలుగు తెగింది, ఏ వాగు దారి ఎవరి పొలంలో కలిసిపోయింది, ఊరూరా పంచాయతీ గోడ మీద రాయించండి.